వేడెక్కిన నీటికి దారి: ప్రెషర్ సిలిండరు పైపుల పనిపై పాఠకుల ప్రశ్నలు

ఇంటికంతటికీ ఒకేచోట నీళ్ళు కాచి, ప్రెషర్‌తో అన్ని కుళాయిలకూ పంపే వేడినీటి సిలిండర్ల గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చినందున, శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను అందిన వరుసలో తీసుకోకుండా, ఆలస్యం చేయకూడని ఉత్తరానికి ముందుగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా స్నానాల గదిలో 25 లీటర్ల గీజరు ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. షవరు ధార సన్నగా వస్తోందని ఈమధ్య ప్రెషర్ పంపు పెట్టించాము. వేడినీళ్ళు వెనక్కి పోకుండా ఉంటాయని గీజరుకు చన్నీళ్ళు వచ్చే పైపులో ఎన్ఆర్‌వి (నాన్ రిటర్న్ వాల్వు) కూడా వేయించాము. అప్పటి నుంచి గీజరు వేసిన ప్రతిసారీ సేఫ్టీ వాల్వు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. దానికి ఎండ్ క్యాప్ (నోటిని మూసేసే మూత) బిగిస్తే సరిపోతుందని ప్లంబరు గారు అంటున్నారు. బిగించమని చెప్పవచ్చునా?

జవాబు: బిగించనివ్వకండి. ఇప్పటికే బిగించి ఉంటే, ముందు గీజరు స్విచ్ ఆపించి, నీళ్ళు పూర్తిగా చల్లారాక ఆ క్యాప్ తీయించి, ఆ తరువాత ఈ జవాబులో మిగతా భాగం చదవండి.

నీళ్ళు వేడెక్కితే వాటి పరిమాణం పెరుగుతుంది. 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాచినప్పుడు ఆ పెరుగుదల నూటికి సుమారు 1.4 వంతులు ఉంటుంది కాబట్టి, మీ 25 లీటర్ల గీజరులో దాదాపు 350 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర గ్లాసు నీళ్ళు అదనంగా తయారవుతాయి. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు చన్నీళ్ళ పైపులో నుంచే వెనక్కి, పైనున్న ట్యాంకు వైపుకు, ఎవరికీ తెలియకుండా జరిగిపోయేవి. ఎన్ఆర్‌వి వేయించడంతో ఆ దారి మూసుకుపోయింది. గాలిలాగా నీళ్ళు నొక్కితే అణగవు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు నీళ్ళు కొద్ది డిగ్రీలు వేడెక్కేసరికే లోపలి ఒత్తిడి సేఫ్టీ వాల్వు తెరుచుకునే స్థాయికి చేరుతుంది. వాల్వు తెరుచుకుని, ఎక్కువైన నీటిని చుక్కలు చుక్కలుగా వదులుతుంది. వాల్వు చెడిపోయిందని మీకు అనిపిస్తున్నది కానీ, నిజానికి అది తన పని తాను సరిగ్గా చేస్తున్నది.

క్యాప్ బిగించిన తరువాత ఏమవుతుందో కూడా చెప్పాలి. అప్పుడు మీ గీజరును కాపాడేది థర్మోస్టాట్ ఒక్కటే అవుతుంది. అందులోని కాంటాక్టులు ఏదో ఒకరోజు అతుక్కుపోయి కరెంటు ఆగకపోతే నీళ్ళు కాగుతూనే ఉంటాయి. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు 3 బార్ ఒత్తిడిలో సుమారు 143 డిగ్రీల దాకా, 6 బార్ ఒత్తిడిలో సుమారు 165 డిగ్రీల దాకా మరగకుండా నీరుగానే ఉండిపోతుంది. అటువంటి స్థితిలో ట్యాంకు ఎక్కడైనా చీలితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, ఆ నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరైపోతుంది. ఆవిరిగా మారిన నీరు తన పూర్వపు పరిమాణానికి 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. దానిని లీకు అనలేము, అది పేలుడు. కొన్నేళ్ళ క్రితం ఇలాగే క్యాప్ బిగించిన ఒక గీజరును నేను దించాను. థర్మోస్టాట్ బాగానే ఉంది, నీళ్ళు ఏనాడూ మరగలేదు. ప్రతిరోజూ కాగేటప్పుడు పెరిగే ఒత్తిడికే లోపలి ట్యాంకు అడుగు పళ్ళెంలా ఉబ్బి, కింది ప్లాస్టిక్ మూతను పగలగొట్టి బయటికి వచ్చింది. ఆ క్యాప్‌ను ఎంతో శ్రద్ధగా, జనపనార చుట్టి, ఒక్క చుక్క కూడా కారకుండా బిగించారు. ఆ పనితనం చూసి నాకు బాధ కలిగింది.

మీరు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. సేఫ్టీ వాల్వు పైపు కింద కొలత గీతలున్న మగ్గు పెట్టి, చన్నీళ్ళతో నిండిన గీజరును కుళాయి తిప్పకుండా పూర్తిగా కాగనివ్వండి. మగ్గులో 300, 400 మిల్లీలీటర్ల దాకా చేరి, గీజరు ఆగాక చుక్కలు కూడా ఆగిపోతే, అది కేవలం నీరు వ్యాకోచించడం వల్ల వచ్చినది. అలా కాకుండా గీజరు ఆపేసి, చల్లారిన తరువాత కూడా చుక్కలు పడుతూనే ఉంటే, పంపు ఒత్తిడి ఎక్కువగా ఉండి ఉండవచ్చు, లేదా వాల్వు సీటులో, అంటే వాల్వు మూత ఆనుకునే చోట, ఇసుక రేణువో, పైపు కోసినప్పటి రజనో ఇరుక్కుని ఉండవచ్చు. కారణం వ్యాకోచమే అయితే ఎన్ఆర్‌వికీ గీజరుకూ మధ్య రెండు లీటర్ల ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఒకటి వేయించండి. అదనపు నీళ్ళు దానిలోకి వెళ్ళి, కుళాయి తిప్పగానే మళ్ళీ బయటికి వస్తాయి. రజను ఇరుక్కుని ఉంటే వాల్వు మీది చిన్న లీవరును ఒకటి రెండుసార్లు ఎత్తి నీళ్ళు జోరుగా పోనిస్తే రజను కొట్టుకుపోతుంది. పైపు చివర చేతులు గానీ, పిల్లలు గానీ లేకుండా చూసుకుని ఆ పని చేయండి.

ప్రశ్న: కొత్తగా కట్టుకుంటున్న ఇంటిలో మూడు స్నానాల గదులకూ, వంటింటికీ కలిపి 200 లీటర్ల ప్రెషర్ సిలిండరు పెట్టాలనుకుంటున్నాము. మా ప్లంబరు గారు అనుభవజ్ఞులే గానీ, ఇంతవరకు ఓవర్‌హెడ్ ట్యాంకు కింద పనులే చేశారు. చన్నీళ్ళ పైపు నుంచి సిలిండరు దాకా ఏయే వాల్వులు, ఏ వరుసలో రావాలో వివరంగా చెప్పగలరా?

జవాబు: వరుస చెప్పే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. సిలిండరు తనంతట తాను ప్రెషర్‌ను పుట్టించదు; వచ్చిన ఒత్తిడిని నిలుపుకుంటుంది, అంతే. ట్యాంకులోని నీటిమట్టం కుళాయికి పది మీటర్ల ఎత్తున ఉంటే గానీ ఒక బార్ ఒత్తిడి రాదు. నాలుగు మీటర్ల ఎత్తు నుంచి వచ్చేది 0.4 బార్ మాత్రమే. ఇటువంటి సిలిండర్లకు కనీసం 1.5 బార్ ఒత్తిడి, నిమిషానికి 20 లీటర్ల ధార కావాలని తయారీదారులు చాలామంది అడుగుతారు. గేజి బిగించి, ఒక కుళాయి తెరిచి ఉంచి మరీ ఒత్తిడి చూడండి; అన్నీ కట్టేసి చూసిన అంకె మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ధారను కొలవడానికి ఒక బకెట్టూ, ఒక గడియారమూ చాలు. చాలకపోతే పంపు తప్పదు, ఆ పంపు వేడినీళ్ళకూ చన్నీళ్ళకూ ఉమ్మడిగా ఉండాలి.

రెండవది బరువు. 200 లీటర్ల సిలిండరు నిండితే నీళ్ళే 200 కిలోలు, దానికి సిలిండరు బరువు కూడా తోడవుతుంది. నేల గట్టిగా ఉండే చోట, చుట్టూ మనిషి చేయి, స్పానరు తిరిగేంత ఖాళీతో నిలబెట్టాలి. అలమారలో ఇరికించి, ముందు చెక్కపని చేయించిన సిలిండర్లకు తరువాత ఎవరూ వాల్వులు మార్చలేక వదిలేయడం తరచుగా చూస్తుంటాము.

ఇక వరుస. చన్నీళ్ళ పైపు మీద మొట్టమొదట బాల్ వాల్వు రావాలి. సిలిండరు మొత్తానికి నీరు కట్టేసేది ఇదే. దాని వెంట జాలి ఉన్న వడపోత, అంటే స్ట్రెయినరు. దీనిని వదిలేస్తే తరువాతి వాల్వులన్నిటి సీట్లలోనూ రజను చేరుతుంది. ఆ తరువాత ప్రెషర్ రిడ్యూసింగ్ వాల్వు, అంటే వచ్చే ఒత్తిడిని తగ్గించేది; సాధారణంగా 3 బార్ దగ్గర సెట్ చేస్తారు, సిలిండరు మీది ప్లేటులో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. ఈ వాల్వు దాటగానే ఒక టీ (పైపును రెండుగా చీల్చే మూడు నోళ్ళ ముక్క) వేసి, స్నానాల గదుల మిక్సర్లకు వెళ్ళే చన్నీళ్ళను అక్కడి నుంచే తీసుకోవాలి. కారణం మరొకరి ప్రశ్నకు జవాబులో చెబుతాను. టీ తరువాత ఎన్ఆర్‌వి, అంటే వేడినీరు వెనక్కి పోకుండా ఆపేది. దాని తరువాత ఒత్తిడికి తెరుచుకునే సేఫ్టీ వాల్వు, చాలా సిలిండర్లలో ఇది 6 బార్‌కు సెట్ అయి వస్తుంది. దానిని ఆనుకుని ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు వెళ్ళే టీ, చివరగా సిలిండరు అడుగున ఉండే ఇన్లెట్, అక్కడే నీళ్ళు ఖాళీ చేసుకునే డ్రెయిన్ కాక్.

ఇన్ని అంకెల మధ్య మీ ప్లంబరు గారు మరిచిపోకూడనిది ఒకటే. ఎన్ఆర్‌వి దాటిన తరువాత సిలిండరు వరకూ, సిలిండరు నుంచి సేఫ్టీ వాల్వు వరకూ, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు వరకూ, ఏ రకమైన కట్టే వాల్వూ ఉండకూడదు. ‘రేపు మార్చుకోవడానికి వీలుగా ఉంటుంది’ అని అక్కడ ఒక బాల్ వాల్వు వేయడం మంచి ప్లంబర్లు సైతం చేసే పొరపాటు. ఆ హ్యాండిల్‌ను ఎవరైనా ఒక పావు చుట్టు తిప్పితే చాలు, పై ఉత్తరంలోని ఎండ్ క్యాప్‌కూ దీనికీ తేడా ఉండదు.

ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఎంతది కావాలో లెక్క వేసి చూద్దాము. దాని మధ్యలో రబ్బరు పొర ఉంటుంది. ఒకవైపు నీరు, ఇంకొకవైపు ముందే నింపిన గాలి లేదా నైట్రోజన్. 200 లీటర్లను 20 నుంచి 60 డిగ్రీలకు కాచితే దాదాపు 3 లీటర్లు పెరుగుతాయి. కానీ పొరపాటున 90 డిగ్రీలకు చేరితే పెరుగుదల సుమారు 6.8 లీటర్లు. ట్యాంకులోని గాలి 3 బార్ నుంచి 5.5 బార్ దాకా అణగడానికి కావలసిన చోటును లెక్కలోకి తీసుకుంటే, పెరిగిన నీటికి 2.6 రెట్ల ట్యాంకు కావాలి. మొదటి లెక్కకు 8 లీటర్లది చాలు, రెండవ లెక్కకు 18 లీటర్లది కావాలి. నన్ను అడిగితే రెండవదే పెట్టించమంటాను. ట్యాంకులోని గాలి ఒత్తిడిని నీళ్ళు నింపకముందే చూసి, రిడ్యూసింగ్ వాల్వు సెట్ చేసిన అంకెకు సమానంగా ఉండేలా సరిచేయాలి.

సిలిండరు పైభాగంలో ఉండే మరో వాల్వు మీద చేయి వేయకండి. దానిని టి అండ్ పి వాల్వు అంటారు. ఒత్తిడికీ, వేడికీ రెండింటికీ తెరుచుకుంటుంది. నీళ్ళు 90 నుంచి 95 డిగ్రీల మధ్యకు చేరితే, ఒత్తిడి ఎంత ఉన్నా లేకున్నా, నీటిని బయటికి వదిలేస్తుంది. అందులోని వేడిని పసిగట్టే కడ్డీ సిలిండరులో అన్నిటికన్నా వేడిగా ఉండే పై నీటిలో మునిగి ఉండాలి. అందుకే దానిని విప్పి పైపు ముక్క తగిలించి దూరంగా జరపడం నిషిద్ధం. థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర ఆపాలి. అది విఫలమైతే 80, 85 డిగ్రీల దగ్గర థర్మల్ కటౌట్ కరెంటును తెంచాలి, దానిని మనిషి చేత్తో నొక్కితే గానీ మళ్ళీ పనిచేయకూడదు. అదీ విఫలమైతే ఈ వాల్వు తెరుచుకోవాలి. మూడు కాపలాలలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సిలిండరును వాడకండి.

మీ ప్లంబరు గారి అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ట్యాంకు కింది పనిలో చిన్న పొరపాటు జరిగితే నీళ్ళు కారుతాయి, ఇక్కడ ప్రాణాల మీదికి వస్తుంది. అందువల్లనే కొన్ని దేశాలలో ఈ పనిని ప్రత్యేక శిక్షణ పొందినవారే చేయాలన్న నియమం ఉంది. మీ చోట ఆ నియమం ఉన్నా లేకపోయినా, తయారీదారు శిక్షణ ఇచ్చిన మనిషి ఒకరు వచ్చి నీళ్ళు నింపకముందే పని చూసి వెళ్ళేలా ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: సేఫ్టీ వాల్వు నుంచి వచ్చే పైపును పీవీసీతో గోడలోపలే తీసుకువెళ్ళి, స్నానాల గది మోరీ పైపులో నేరుగా కలిపేస్తే కంటికి కనబడకుండా ఉంటుంది గదా?

జవాబు: ఆ పైపు కంటికి కనబడాలి. అదే దాని ప్రయోజనంలో సగం. వాల్వు నీళ్ళు వదులుతున్నదని ఇంట్లోవారికి తెలియకపోతే, సిలిండరు ఎన్నాళ్ళుగా కష్టంలో ఉన్నదో ఎవరికీ తెలియదు.

వాల్వు నుంచి దిగిన పైపు మొదట ఒక గరాటులో పడాలి. పైపు నోటికీ గరాటుకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉండి, పడే చుక్క ఇంట్లోవారికి కనిపించాలి. బ్రిటన్ భవన నిబంధనలు ఇందుకు ఇచ్చిన కొలతలు ఎక్కడైనా పాటించదగినవి: గరాటు వాల్వుకు 500 మిల్లీమీటర్ల లోపే ఉండాలి; గరాటు కింద పైపు 300 మిల్లీమీటర్ల మేర తిన్నగా నిలువుగా దిగిన తరువాతే మొదటి ఎల్బో (మలుపు) రావాలి; ఆపైన ప్రతి 200కు 1 చొప్పున వాలు తప్పకూడదు. గరాటు దాటిన పైపు ఒక సైజు పెద్దదిగా ఉండాలి. వాల్వు నుంచి 15 మిల్లీమీటర్ల పైపు దిగితే, గరాటు కింద 22 మిల్లీమీటర్లది వేసి 9 మీటర్ల దాకా తీసుకుపోవచ్చు. అయితే ప్రతి ఎల్బోకూ 0.8 మీటర్లు తగ్గించుకోవాలి. నాలుగు ఎల్బోలు ఉంటే మిగిలేది 5.8 మీటర్లే. అంతకన్నా దూరమయితే 28 మిల్లీమీటర్ల పైపు తీసుకోవాలి. ఈ లెక్కంతా ఎందుకంటే, టి అండ్ పి వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వచ్చేది చుక్కలు కాదు, ఆవిరితో కలిసిన ధార. పైపు సన్నగా, వంకరగా ఉంటే ఆ ధార గరాటు మీదుగా గదిలోకి పొంగుతుంది.

పీవీసీ 60 డిగ్రీలు దాటిన నీటికి పనికిరాదు. 90 డిగ్రీల నీరు పోతే మెత్తబడి వేలాడుతుంది. రాగి పైపు మంచిది. చివర తెరిచి ఉంచండి. నడకదారి మీద, పిల్లలు ఆడుకునే చోట పడకుండా, నేలకు దగ్గరగా, పడుతున్న నీళ్ళు కనిపించే చోట వదలండి. మోరీ పైపులో నేరుగా కలిపితే దుర్గంధం వెనక్కి రావడమే కాక, మోరీ పైపు కూడా ప్లాస్టిక్ అయితే అదీ పాడవుతుంది.

ప్రశ్న: మా సిలిండరు పెట్టి మూడు నెలలయింది. షవరు మిక్సరులో వేడి, చల్లనివి కలిపితే చన్నీళ్ళే ఎక్కువగా వస్తాయి. ఒక్కోసారి స్నానం మధ్యలో ఎవరో వంటింటి కుళాయి తిప్పగానే నీళ్ళు భగ్గుమని కాలుతాయి. అంతేకాక సిలిండరు సేఫ్టీ వాల్వు రాత్రిళ్ళు కూడా కారుతోంది. మూడింటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉన్నదనే నా అభిప్రాయం. మీ మిక్సర్లకు చన్నీళ్ళు రిడ్యూసింగ్ వాల్వుకు ముందు నుంచి, అంటే పంపు లేదా వీధి పైపు పూర్తి ఒత్తిడితో వస్తుండాలి. సిలిండరు నుంచి వేడినీళ్ళు 3 బార్‌తో వస్తుంటే, అటునుంచి చన్నీళ్ళు, మాటవరసకు, 5 బార్‌తో తోసుకొస్తున్నాయి. మిక్సరులో ఎక్కువ ఒత్తిడి ఉన్నదే గెలుస్తుంది. వంటింటి కుళాయి తిప్పగానే చన్నీళ్ళ ఒత్తిడి పడిపోయి, ఒక్కసారిగా వేడినీరు పైచేయి అవుతుంది. రాత్రివేళ, వీధిలో వాడకం తగ్గి ఒత్తిడి పెరిగినప్పుడు, కట్టేసిన మిక్సరు లోపలి నుంచే చన్నీళ్ళు వేడినీటి పైపులోకి దాటి, సిలిండరులో ఒత్తిడిని పెంచుతాయి. పాపం సేఫ్టీ వాల్వు దానిని వదిలేస్తున్నది.

నిర్ధారించుకోవడం సులభం. రాత్రి పడుకునే ముందు మిక్సర్ల కింద చన్నీళ్ళ యాంగిల్ వాల్వులన్నీ కట్టేయండి. తెల్లవారి గరాటు పొడిగా ఉంటే దోషం అక్కడే ఉన్నట్లు. మిక్సర్లకు వెళ్ళే చన్నీళ్ళను రిడ్యూసింగ్ వాల్వు తరువాతి, ఎన్ఆర్‌వికి ముందరి టీ నుంచి తీసుకునేలా పైపు మార్పించడమే పరిష్కారం. గోడ పగలగొట్టవలసి వస్తుందని వెనకాడకండి. 60 డిగ్రీల నీరు పడితే పెద్దవాళ్ళ చర్మమే కొన్ని క్షణాలలో లోతుగా కాలుతుంది, పిల్లలకూ వృద్ధులకూ అంతకన్నా తక్కువ సమయం చాలు.

ప్రశ్న: అయితే సిలిండరునే 45 డిగ్రీలకు సెట్ చేసుకుంటే కాలే భయం ఉండదు గదా, కరెంటూ ఆదా అవుతుంది?

జవాబు: వద్దు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీటిలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవరు తుంపర్లతో అది ఊపిరితిత్తులలోకి చేరితే ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది. సిలిండరులో 60 డిగ్రీలు ఉంచి, స్నానాల గది దగ్గర థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టి అక్కడ తగ్గించుకోండి. సున్నపు నీళ్ళు ఉన్నవారు 60 దాటి మరీ పెంచకండి, వేడి పెరిగిన కొద్దీ హీటరు కడ్డీ మీద సున్నం పేరుకోవడం ఎక్కువవుతుంది.

ప్రశ్న: చివరి స్నానాల గది సిలిండరుకు 12 మీటర్ల దూరంలో ఉంది. పెద్ద పైపు వేస్తే వేడినీళ్ళు త్వరగా వస్తాయని అంటున్నారు.

జవాబు: ఆలస్యంగా వస్తాయి. 22 మిల్లీమీటర్ల రాగి పైపు మీటరుకు 0.32 లీటర్లు పట్టుకుంటుంది, 15 మిల్లీమీటర్లది 0.145 లీటర్లే. 12 మీటర్లలో మొదటిదాంట్లో 3.8 లీటర్ల చల్లారిన నీళ్ళు పోతే గానీ వేడినీళ్ళు రావు, రెండవదాంట్లో 1.7 లీటర్లు పోతే చాలు. ఒక్క షవరుకే అయితే సన్న పైపు విడిగా వేయించి, పొడవునా తొడుగు వేయించండి. రెండు మూడు షవర్లు ఒకేసారి వాడేచోట సన్న పైపు చాలదు. అక్కడ వేడినీళ్ళను పైపులలో తిప్పుతూ ఉంచే సర్క్యులేషన్ పంపు గురించి ఆలోచించాలి.

ప్రశ్న: మా పాత రాగి సిలిండరు పై ట్యాంకుతో నడుస్తున్నది, పైన గాలి పైపు కూడా ఉంది. ఆ పైపును మూసి ప్రెషర్ పంపు పెడితే ప్రెషర్ సిలిండరు అయిపోదా?

జవాబు: కాదు. అది పల్చటి రేకుతో, కొద్ది మీటర్ల నీటి బరువుకు మాత్రమే తయారైనది. గాలి పైపును మూసిన రోజున అది చీలుతుంది. కొత్తది కొనండి, లేదా పాతదానిని ఉన్నది ఉన్నట్లు వాడుకోండి.

ప్రశ్న: మా సిలిండరు బిగించడం రేపో మాపో పూర్తవుతుంది. మొదటిసారి నీళ్ళు నింపేటప్పుడు ఏమి చూసుకోవాలి? తరువాత ఏటేటా ఏమి చేయాలి?

జవాబు: సిలిండరు కలపకముందే పైపులన్నిటినీ చేతి పంపుతో, వాడే గరిష్ఠ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ఒక గంట గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. ఆ తరువాత నీళ్ళు జోరుగా వదిలి పైపులలోని రజను కడిగేసి, స్ట్రెయినరు జాలి తీసి శుభ్రం చేయాలి. అప్పుడు సిలిండరు కలిపి, అన్నిటికన్నా దూరంగా, ఎత్తుగా ఉన్న వేడినీటి కుళాయి తెరిచి పెట్టి, బాల్ వాల్వును కొద్దిగా తెరిచి నెమ్మదిగా నింపండి. మొదట కుళాయిలో గాలి గురగురమంటూ, నీళ్ళు చిమ్ముతూ వస్తాయి. చప్పుడు ఆగి ధార నిలకడగా, తెల్లటి నురగ లేకుండా వచ్చేదాకా కట్టకండి. ఇదంతా అయ్యేవరకు హీటరు స్విచ్ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. నీళ్ళు లేని కడ్డీ కొద్దిసేపటిలోనే మాడిపోతుంది. ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసి, రెండు సేఫ్టీ వాల్వులనూ ఒక్కొక్కటిగా ఎత్తి, గరాటు పొంగకుండా నీళ్ళు బయటికి పోతున్నాయని తేల్చుకున్నాకే కరెంటు ఇవ్వండి. మొదటిసారి కాగేంతసేపూ దగ్గరే ఉండండి. ఆ సమయంలో గరాటులో ఒక్క చుక్క కూడా పడకూడదు.

తరువాత ఎప్పుడైనా గరాటులో కాగే నీళ్ళు ధారగా పడుతూ కనిపిస్తే, కరెంటు ఆపండి, చన్నీళ్ళ వాల్వును మాత్రం కట్టకండి. లోపలికి వచ్చే చన్నీళ్ళే సిలిండరును చల్లబరుస్తాయి. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, ఎందుకంటే నీళ్ళు పోతుంటే మొదట నీళ్ళు కట్టేయాలనే ఎవరికైనా తోస్తుంది.

ఏటా ఒకసారి స్ట్రెయినరు కడగాలి, వాల్వులు ఎత్తి చూడాలి, లోపల ఎనామిల్ పూత ఉన్న ఉక్కు సిలిండరు అయితే మెగ్నీషియం కడ్డీ ఎంత కరిగిందో చూసి మార్చాలి. వీటన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసేది ఎక్స్‌పాన్షన్ ట్యాంకు గాలి. ఒకటి రెండేళ్ళు హాయిగా పనిచేసిన సిలిండరు ఒక ఉదయం కాగేటప్పుడు మాత్రమే చుక్కలు కార్చడం మొదలుపెడితే, నూటికి తొంభై వంతులు కారణం అదేనని అనుకోండి. కరెంటు ఆపి, బాల్ వాల్వు కట్టి, వేడినీటి కుళాయి తెరిచి లోపలి ఒత్తిడి పూర్తిగా పోనివ్వండి. ట్యాంకు చివరన స్కూటరు ట్యూబుకు ఉన్నట్లే చిన్న మూత, దాని లోపల పిన్ను ఉంటాయి. మూత తీసి, పెన్ను మొనతో పిన్నును ఒక్క క్షణం నొక్కండి. బుస్సుమని గాలి వస్తే రబ్బరు పొర బాగానే ఉన్నట్లు. టైరు గేజి పెట్టి, తగ్గిన గాలిని సైకిలు పంపుతోనే మళ్ళీ 3 బార్‌కు, లేదా మీ రిడ్యూసింగ్ వాల్వు అంకెకు కొట్టుకోవచ్చు. గాలికి బదులు నీళ్ళు వచ్చి వేళ్ళు తడిస్తే పొర చిరిగిపోయింది. ఆ ట్యాంకు ఇక బాగుపడదు, కొత్తది తెప్పించి బిగించేదాకా హీటరు వేయకండి.